వజ్రం బ్యాటరీ వస్తోందా? కొబ్బరి చిప్పతో ఒక పోటీ

ఈరోజు స్టూడియో లేదు, లైట్లు లేవు. నేను మా ఊర్లో ఉన్నాను, టెక్కలి దగ్గర రావివలస. మధ్యలో ట్రాక్టర్ సౌండ్ వచ్చినా, మా అమ్మ పిలిచినా కట్ చేయలేదు, అడ్జస్ట్ అయిపోండి.

మా ఊరు పేరు వినని వాళ్లకి ఒక్క మాట. ఇక్కడ ఎండల మల్లన్న ఉంటాడు, ఎండల మల్లికార్జున స్వామి. పెద్ద లింగం, పైన కప్పు ఉండదు. ఎండైనా వానైనా ఆయన ఆరుబయటే. మన ఎపిసోడ్ కూడా చివరికి ఎండ దగ్గరికే వస్తుంది, అందుకే ముందే చెప్పి ఉంచాను.

అసలు విషయం. పోయిన నెల మా మావయ్య ఫోన్ చేశాడు. ఆయనది వజ్రపుకొత్తూరు మండలం, ఉద్దానం. జీడితోట, కొంచెం కొబ్బరి. "ఒరే అల్లుడూ, వజ్రం బ్యాటరీ అంట. ఒకసారి కొంటే 28 వేల ఏళ్లు పన్జేస్తాదంట. ఇది నిజవేనేట్రా?" అన్నాడు. నేను నవ్వేశాను. వజ్రపుకొత్తూరులో ఉండి వజ్రం కోసం వాట్సాప్‌లో వెతుకుతున్నావా మావయ్యా అన్నాను. ఆయన నవ్వలేదు. "డీలర్‌షిప్ ఇస్తారంట. రెండు లక్షలు అడ్వాన్స్. సోమవారం లోపల కట్టాల" అన్నాడు.

అది జీడి పంట డబ్బు. అందులో కొంత హాస్పిటల్‌కని పక్కన పెట్టుకున్నది. ఉద్దానం గురించి తెలిసినవాళ్లకి హాస్పిటల్ అంటే ఏ హాస్పిటలో నేను చెప్పక్కర్లేదు. మావయ్యకి కూడా ఈ మధ్య క్రియాటినిన్ పెరుగుతోంది. ఫోన్ పెట్టేసి బస్సెక్కాను.

మా మావయ్య అమాయకుడు, వాట్సాప్ నమ్మేశాడు అని మీరు అనుకోవద్దు. దాని వెనక ఒక కారణం ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నేను అప్పుడు బీటెక్ ఫైనల్ ఇయర్. మా అమ్మమ్మ అప్పటికే డయాలసిస్ మీద ఉంది. రోడ్డంతా కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు. ఫోన్లు లేవు, మోటార్ తిరగదు, నీళ్లు లేవు. మావయ్య, ఇంకో నలుగురు కలిసి చెట్లు నరుక్కుంటూ ఆమెని తీసుకెళ్లారు. రెండు రోజులు ఆలస్యమైంది. ఆ మరుసటి ఏడాది ఆమె పోయింది. ఆ రెండు రోజుల వల్లే అని ఎవరూ అనలేదు. కానీ "కరెంటు ఉండుంటే" అనే మాట మా ఇంట్లో ఇప్పటికీ వస్తుంది. కాబట్టి ఎప్పటికీ ఆగని బ్యాటరీ అని ఎవరైనా చెప్తే మావయ్య ఆగి వింటాడు. నేనైనా వింటాను.

సో, ఈ వజ్రం బ్యాటరీ సంగతేంటో మొత్తం చదివాను. నేను కెమిస్ట్రీ వాణ్ని కాదు, నాలుగేళ్లు కోడ్ రాసి మానేసినవాణ్ని. కానీ లెక్క వేయడం వచ్చు. ఈరోజు లెక్కలతోనే మాట్లాడుకుందాం.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. "వజ్రం బ్యాటరీ" అనే ఒకే పేరు మీద రెండు వేరు వేరు విషయాలు తిరుగుతున్నాయి.

మొదటిది ఆ 28 వేల ఏళ్ల కథ. 2020లో ఒక అమెరికన్ స్టార్టప్ చేసిన ప్రకటన అది. దాని వెనక సైన్స్ మాత్రం నిజమే. అణు రియాక్టర్లలో వాడిన గ్రాఫైట్ దిమ్మల్లో కార్బన్-14 ఉంటుంది, రేడియోధార్మిక కార్బన్. దాన్ని వజ్రంగా మారిస్తే, లోపల వెలువడే బీటా కణాల నుంచి ఆ వజ్రమే చిన్న కరెంటు పుట్టిస్తుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ 2016లో ఈ ఆలోచన చెప్పింది. 2024 డిసెంబర్‌లో అక్కడి అణుశక్తి సంస్థతో కలిసి మొదటిది తయారు చేశామని ప్రకటించింది. కార్బన్-14 సగం తరగడానికి సుమారు 5,730 ఏళ్లు పడుతుంది. కాబట్టి వేల ఏళ్లు అనేది అబద్ధం కాదు.

మరి అబద్ధం ఎక్కడ? ఎంత కరెంటు అనే దగ్గర. బ్రిస్టల్ వాళ్లు చెప్పిన లెక్కే తీసుకుందాం. ఒక గ్రాము కార్బన్-14 ఉంటే రోజుకి 15 జౌల్స్. మన ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అనుకుంటే, అందులో దాదాపు 69 వేల జౌల్స్ పడతాయి. భాగించండి. 4,600 రోజులు. అంటే ఒక్కసారి ఫోన్ ఫుల్ ఛార్జ్ అవ్వడానికి పన్నెండేళ్లు దాటుతుంది! గుండెకి పెట్టే పేస్‌మేకర్‌కి, అంతరిక్షంలో చిన్న సెన్సార్‌కి అది బంగారం. ఇంట్లో ఫ్యానుకి పనికిరాదు. ఇంకో ముఖ్యమైన మాట, దాన్ని ఛార్జ్ చేయలేం. అది కరెంటు దాచుకునే డబ్బా కాదు, సన్నగా కారుతూ ఉండే ఊట.

రెండోది వేరే. వజ్రాన్ని ఎలక్ట్రోడ్‌గా వాడి కరెంటుని నిల్వ చేయడం. సోలార్ నుంచి వచ్చింది లోపల పెట్టుకుని, రాత్రికి తీసి వాడుకోవడం. నాకు బాగా నచ్చింది ఇది. ఇందులో మన తెలుగు శాస్త్రవేత్త ఒకరు ఉన్నారు, మన కొబ్బరి చిప్ప కూడా ఉంది.

అసలు వజ్రంలో కరెంటు పారుతుందా? స్కూల్లో పారదు అని చదువుకున్నాం. కరెక్టే. వజ్రంలో ప్రతి కార్బన్ నాలుగు పక్కలా నాలుగు కార్బన్లని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఖాళీగా తిరిగే ఎలక్ట్రాన్ లేదు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, వజ్రంలో 5.5 కావాలి.

కానీ అక్కడక్కడా ఒక కార్బన్ తీసేసి బోరాన్ పెట్టారనుకోండి. బోరాన్‌కి మూడు చేతులే. నాలుగో పక్క ఖాళీ మిగులుతుంది. సినిమా హాల్లో వరుసంతా నిండి ఒక్క సీటు ఖాళీగా ఉంటే, పక్కవాడు జరుగుతాడు, వాడి పక్కవాడు జరుగుతాడు. చూస్తే ఖాళీ సీటే నడుస్తున్నట్టు ఉంటుంది. అలా కరెంటు పారుతుంది. కొన్ని వందల కార్బన్లకి ఒక బోరాన్ చొప్పున పడితే వజ్రం దాదాపు లోహంలా ప్రవర్తిస్తుంది. రంగు నల్లగా అయిపోతుంది.

బోరాన్ చాలా తక్కువగా ఉంటే నీలం రంగు వస్తుంది. హోప్ డైమండ్ పేరు విన్నారు కదా, వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న 45.52 క్యారెట్ల నీలి వజ్రం. టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి ఇక్కడి నుంచి పట్టుకెళ్లి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మిన రాయి నుంచి చెక్కిందే అది. గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గని రాయి అని చరిత్రకారులు భావిస్తారు. ఆ కొల్లూరు పల్నాడు ప్రాంతంలో కృష్ణ ఒడ్డున ఉండేది. దాని నీలానికి కారణం బోరాన్. అంటే బోరాన్ కలిసిన వజ్రం అనేది ల్యాబ్‌లో కొత్తగా పుట్టిన వింత కాదు. భూమి లోపల ఎప్పుడో తయారై మన కృష్ణ ఒడ్డున తేలింది. తేడా ఏంటంటే ఇప్పుడు దాన్ని కావాల్సినంత బోరాన్ వేసి పెంచుతున్నారు.

పెంచడం అంటే? మా టెక్కలి వాళ్లకి కృత్రిమ వజ్రం కొత్త కాదండీ. ఇక్కడి గ్రానైట్ యూనిట్లలో రాయి కోసే డైమండ్ బ్లేడు, డైమండ్ వైరు అందరూ చూసిందే. అందులో ఉండేది ఫ్యాక్టరీలో చేసిన వజ్రపు రవ్వలే. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వాళ్లు 1954 డిసెంబర్‌లో విపరీతమైన ఒత్తిడి, వేడి పెట్టి చేసిన పద్ధతి నుంచి వచ్చిన సరుకు అది. ఎలక్ట్రోడ్‌కి వాడే పద్ధతి వేరు, దాన్ని సీవీడీ అంటారు. ఒక గదిలో హైడ్రోజన్ నింపి, ఒక శాతం అటూఇటూ మీథేన్ కలిపి, మైక్రోవేవ్‌తో మండిస్తారు. ప్లాస్మా అవుతుంది. కింద 700 నుంచి 900 డిగ్రీల వేడి మీద ఉన్న పలక మీద కార్బన్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. గ్రాఫైట్‌గా పేరుకున్న దాన్ని హైడ్రోజన్ తినేస్తుంది, వజ్రంగా పేరుకున్నది మిగులుతుంది. కొంచెం బోరాన్ ఉన్న గ్యాసు వదిలితే బోరాన్ వజ్రం రెడీ. గంటకి ఒక మైక్రాన్, రెండు మైక్రాన్లు, ఇలా పెరుగుతుంది. ఈ నిదానం గుర్తు పెట్టుకోండి, చివర్లో ఖర్చు దగ్గర పనికొస్తుంది.

సరే, ఇంత కష్టపడి వజ్రమే ఎందుకు? దీనికి సూపర్‌కెపాసిటర్ అంటే ఏంటో తెలియాలి. మామూలు బ్యాటరీలో కెమికల్ రియాక్షన్ జరుగుతుంది. లిథియం అయాన్లు ఎలక్ట్రోడ్ లోపలికి దూరతాయి, బయటికి వస్తాయి. అందుకే టైం పడుతుంది, అందుకే అరుగుతుంది. సూపర్‌కెపాసిటర్‌లో లోపలికి దూరడం లేదు. ఎలక్ట్రోడ్ గోడకి అయాన్లు వచ్చి ఆనుకుంటాయి, అంతే. గుడి అరుగు మీద జనం కూర్చున్నట్టు. వచ్చి కూర్చోవడం ఒక్క నిమిషం, లేచి వెళ్లడం ఒక్క నిమిషం. అందుకే సెకన్లలో ఛార్జ్ అవుతుంది, లక్షల సార్లు తిప్పినా పెద్దగా అరగదు. సమస్య ఏంటంటే అరుగు పొడవుని బట్టే జనం పడతారు.

దాచుకునే శక్తికి ఫార్ములా ఇంటర్‌లో చదివాం, హాఫ్ సీ వీ స్క్వేర్. సీ అంటే కెపాసిటెన్స్, అరుగు పొడవు అనుకోండి. వీ అంటే వోల్టేజ్. అక్కడ స్క్వేర్ ఉంది, చూడండి. సీ రెట్టింపైతే శక్తి రెట్టింపు. వీ మూడు రెట్లైతే శక్తి తొమ్మిది రెట్లు!

మరి వోల్టేజ్ పెంచేస్తే సరిపోతుంది కదా? పెంచలేం. లోపల ఉన్నది ఉప్పు నీళ్లు. 1.23 వోల్టులు దాటితే నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోవచ్చు, బుడగలు వస్తాయి. అందుకే నీళ్లు, మామూలు కార్బన్ కలిపి చేసిన సూపర్‌కెపాసిటర్‌ని ఒక వోల్టు దగ్గర ఆపుతారు.

వజ్రం గొప్పతనం ఇక్కడే బయటపడుతుంది. నీరు విడిపోవాలంటే మధ్యలో ఆ ముక్కలు కాసేపు పట్టుకుని నిలబడడానికి ఒక చోటు కావాలి. ప్లాటినం మీద బాగా నిలబడతాయి. వజ్రం మీద నిలబడవు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతాయి. దాంతో అదే నీళ్లలో, అదే ఉప్పుతో, వజ్రం దాదాపు మూడు వోల్టుల వరకు బుడగ రాకుండా తట్టుకుంటుంది. పైగా యాసిడ్‌లో పెట్టినా అరగదు, ఉబ్బదు, తుప్పు పట్టదు.

నిజం చెప్పాలంటే, వోల్టేజ్ పెంచడానికి కంపెనీలు వేరే దారి ఎప్పుడో పట్టాయి. నీళ్లు తీసేసి ఆర్గానిక్ ద్రవం పోస్తారు. 2.7 వోల్టులు వస్తుంది. మార్కెట్లో దొరికే సూపర్‌కెపాసిటర్ చాలావరకు అదే. కానీ ఆ ద్రవం మండుతుంది, లోపలికి తేమ పోకుండా కాపాడుకోవాలి. వజ్రంతో అయితే ఉప్పు నీళ్లతోనే ఆ వోల్టేజ్ వస్తుంది, నిప్పు భయం లేదు. మే నెలలో మా రేకుల షెడ్డు కింద ఎంత వేడి ఉంటుందో తెలిసినవాడికి ఈ పాయింట్ చిన్నది కాదు.

ఇప్పుడు మన మనిషి దగ్గరికి వద్దాం. వజ్రం మీద ఎలక్ట్రోకెమిస్ట్రీ సోవియట్ యూనియన్‌లో ప్లెస్కోవ్ బృందం 1987లో వేసిన పేపర్‌తో ఊపందుకుంది. తర్వాత జపాన్‌లో టోక్యో యూనివర్సిటీలో అకిరా ఫుజిషిమా ల్యాబ్ దీన్ని పట్టుకుంది. ఫుజిషిమా అంటే 1972లో టైటానియం డయాక్సైడ్, వెలుతురు కలిపి నీటిని విడగొట్టిన పేపర్‌తో పేరు తెచ్చుకున్న ఆయన. ఆ ల్యాబ్‌లో పనిచేసిన వాళ్లలో డాక్టర్ టాటా నరసింగరావు ఒకరు. 2005లో వచ్చిన 'డైమండ్ ఎలక్ట్రోకెమిస్ట్రీ' అనే పుస్తకం ఈ రంగంలో వాళ్లందరూ తిరగేసేది. దాని నలుగురు సంపాదకుల్లో ఫుజిషిమా, ఐనాగా, ట్రైక్‌తో పాటు ఈయన పేరు ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఆ అట్ట చూసినప్పుడు, ఇంత కాలం నాకు ఈ పేరు ఎవరూ ఎందుకు చెప్పలేదు అనిపించింది.

2000లో కెన్సుకే హోండా, నరసింగరావు, ఫుజిషిమా, ఇంకొందరు కలిసి ఒక పేపర్ వేశారు. వాళ్ల సమస్య అరుగు పొడవే. వజ్రం పొర అద్దంలా చదునుగా ఉంటే అయాన్లు కూర్చోవడానికి చోటు చాలదు. అందుకని సన్నటి రంధ్రాలున్న అల్యూమినా పొరని మూసలా పైన పెట్టి, ఆక్సిజన్ ప్లాస్మాతో వజ్రాన్ని తొలిచారు. తేనెపట్టు తయారైంది. ప్రతి గది నానోమీటర్లలో ఉంటుంది. గోడలన్నీ లెక్కలోకి రావడంతో కెపాసిటెన్స్ ఎన్నో రెట్లు పెరిగింది. ఈరోజు వజ్రపు సూపర్‌కెపాసిటర్ల మీద వచ్చే పేపర్లలో చాలా వాటికి మూలం ఈ ఆలోచనే. తొలవడం బదులు కొందరు సిలికాన్ సూదుల మీద, కార్బన్ నానోట్యూబుల మీద వజ్రం పూత వేస్తున్నారు. టోక్యో యూనివర్సిటీ ఆఫ్ సైన్స్‌లో తకేషి కోండో బృందం నానో వజ్రపు పొడి మీద బోరాన్ వజ్రం పూసి, ఆ పొడితో ఎలక్ట్రోడ్లు చేసింది.

ఇంతవరకు వింటే వజ్రం గెలిచేసినట్టే ఉంది కదా. మావయ్యకి కూడా ఇంతవరకు చెప్పాను. "అయితే మంచిదేగా" అన్నాడు. ఆగు మావయ్యా అని కాగితం తీశాను.

చదునైన వజ్రం మీద ఒక చదరపు సెంటీమీటరుకి మహా అయితే 10 మైక్రోఫారడ్‌లు. రెండు పలకలు ఎదురెదురుగా పెడితే అది సగమవుతుంది, 5. మూడు వోల్టులు పెట్టాం. హాఫ్ సీ వీ స్క్వేర్ వేస్తే 22.5 మైక్రోజౌల్స్. చదరపు మీటరుకి 0.225 జౌల్. మన ఫోన్ బ్యాటరీకి 69 వేల జౌల్స్ కావాలి అనుకున్నాం. భాగిస్తే 3 లక్షల చదరపు మీటర్లు పైనే. ఎకరాల్లో చెప్పాలంటే 75 ఎకరాలు! ఒక్క ఫోన్‌లో ఉండే ఛార్జ్ దాచడానికి 75 ఎకరాల వజ్రపు పలక, దాని మీద ఇంకో 75 ఎకరాల పలక. మావయ్య తోటంతా కలిపినా అంత లేదు. ఆయన నా మొహం చూసి, "అంత నేల ఉంటే నానెందుకురా డీలర్‌షిప్ తీసుకుంటాను" అన్నాడు. అప్పుడు మొదటిసారి నవ్వాడు.

ఇప్పుడు పోటీలో ఉన్నది ఎవరో చూడండి. యాక్టివేటెడ్ కార్బన్. మార్కెట్లో సూపర్‌కెపాసిటర్లకి వాడే మంచి కార్బన్ చాలావరకు దేంతో చేస్తారో తెలుసా? కొబ్బరి చిప్ప. ఉద్దానంలో కాళ్లకి తగిలే కొబ్బరి చిప్ప! దాన్ని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి, 800, 900 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తే బొగ్గు లోపలంతా కంటికి కనపడని సందులు పడతాయి. ఆర్వో ప్లాంటులో కార్బన్ ఫిల్టర్ అంటారే, దానికి అన్నయ్య. ఒక గ్రాము బొగ్గు లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 1,500 చదరపు మీటర్లు. మన లెక్కలో 37 సెంట్లు. ఒక్క గ్రాములో 37 సెంట్ల స్థలం అండీ, రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా!

వజ్రాన్ని తేనెపట్టు చేసినా, సూదులు చేసినా, గ్రాముకి ఆ స్థలం దగ్గరికి కూడా ఇంకా రాలేదు. ఎక్కువ తొలిస్తే గోడలు పలచబడి కరెంటు సరిగ్గా పారదు. తొందరగా పెంచితే మధ్యలో గ్రాఫైట్ కలుస్తుంది, అది కలిస్తే ఆ మూడు వోల్టుల గుణం పోతుంది. గంటకి మైక్రాన్ చొప్పున పెరిగే పొరకి ఖర్చు ఎంతో ఊహించుకోండి. కొబ్బరి చిప్ప మా ఊర్లో పొయ్యిలోకి పోతోంది.

అంటే వోల్టేజ్‌లో వజ్రం గెలిచింది, స్థలంలో కొబ్బరి చిప్ప గెలిచింది. శక్తి కావాలంటే రెండూ కావాలి. ఇప్పుడు ఇద్దరిలో చిప్పదే పైచేయి.

ఆ చిప్ప కూడా మావయ్య ఇంటికి బ్యాటరీ అవ్వదు, అది కూడా చెప్పాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1.8 యూనిట్లు ఉంటుంది. బరువు 50 కిలోలు దాటుతుంది. అదే 1.8 యూనిట్లు సూపర్‌కెపాసిటర్‌లో పెట్టాలంటే, కిలోకి 6 వాట్ అవర్లు వేసుకున్నా 300 కిలోలు. పైగా వాడకపోయినా కొన్ని వారాల్లో ఛార్జ్ కారిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 20 కిలోల లోపే సరిపోతుంది. సూపర్‌కెపాసిటర్ అసలు పని వేరు. బస్సు బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటుని టక్కున పట్టుకోవడం, మళ్లీ కదిలేటప్పుడు టక్కున ఇవ్వడం లాంటివి. రాత్రంతా ఫ్యాను తిప్పడం దాని పని కాదు.

మరి వజ్రం వేస్టా? అస్సలు కాదు. వజ్రపు ఎలక్ట్రోడ్ ఇప్పటికే మార్కెట్లో అమ్ముడుపోతున్న చోటు ఒకటుంది, మురికి నీరు. నీరు తొందరగా విడిపోదు అన్నాం కదా. ఇంకా వోల్టేజ్ పెంచితే దాని మీద హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చాలా చురుకైన ముక్కలు పుడతాయి. ఎదురొచ్చిన కర్బన కాలుష్యాన్ని అవి ముక్కలు చేసేస్తాయి. నిల్వకి ఏ గుణం కావాలో, నీరు శుభ్రం చేయడానికీ అదే గుణం. ఉద్దానంలో పుట్టినవాడిగా నీళ్లు అనే మాట వినగానే నా మనసు అటు పోతుంది, దాచను. కానీ ఇది ఫ్యాక్టరీ వ్యర్థాల కోసం, కిడ్నీ జబ్బుకి మందు కాదు. ఎవరైనా అలా అమ్మడానికి వస్తే వాళ్లనీ ఇవే ప్రశ్నలు అడగండి.

ఇంకో చోటు మామూలు లిథియం బ్యాటరీయే. 2017లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో యూరీ గొగోట్సీ, చైనా పరిశోధకులు కలిసి ఒక పని చేశారు. బ్యాటరీ ద్రవంలో నానో వజ్రపు పొడి కొంచెం కలిపారు. లిథియం లోహం వాడే బ్యాటరీలో ముళ్లలా పెరిగి షార్ట్ చేసే డెండ్రైట్లు ఉంటాయి కదా, అవి తగ్గాయి. ఇక్కడ వజ్రం కరెంటు దాచలేదు, దాచే దాన్ని కాపాడింది.

మన దేశంలో కూడా కదలిక ఉంది. 2023 బడ్జెట్‌లో ల్యాబ్ వజ్రాల పరిశోధనకి ఒక ఐఐటీకి ఐదేళ్ల గ్రాంటు ప్రకటించారు. అది ఐఐటీ మద్రాస్‌కి వచ్చింది, సుమారు 242 కోట్లు. ప్రొఫెసర్ ఎం.ఎస్. రామచంద్రరావు ఆధ్వర్యంలో సెంటర్ పెట్టారు. నగలతో మొదలైనా, వజ్రం చవకగా పెంచడం వస్తే ఎలక్ట్రోడ్లకీ అదే దారి. ఇక నరసింగరావు గారు తర్వాత హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐకి వచ్చారు, డైరెక్టర్‌గా కూడా చేశారు. అక్కడ ఆయన పని ఎటు వెళ్లిందో చూడండి. లిథియం బ్యాటరీ మెటీరియల్స్, సూపర్‌కెపాసిటర్ కార్బన్. ఏఆర్‌సీఐ వాళ్లు జనపనార పుల్లల లాంటి వ్యర్థాల నుంచి కార్బన్ చేసే ప్రయోగాలు కూడా చేశారు. వజ్రం మీద పుస్తకం తెచ్చిన మనిషి పనిచేసిన చోట పొలం చెత్త మీద కూడా ప్రయోగం జరిగింది. నాకు అందులో గొప్ప వినయం కనపడింది. ఏది మెరుస్తుంది అని కాకుండా ఏది పనిచేస్తుంది అని చూసే వినయం.

సరే, సోమవారం ఏమైంది? మావయ్య చేత ఆ కంపెనీ మనిషికి స్పీకర్ పెట్టి ఫోన్ చేయించాను. మూడే ప్రశ్నలు రాసిచ్చాను. మీ బ్యాటరీలో ఎన్ని యూనిట్లు పడుతుంది? బరువు ఎంత? మా ఇంటికి తెచ్చి, మా ఫ్యాను, మా మోటారు పెట్టి ఎంతసేపు నడుస్తుందో మా కళ్ల ముందు చూపిస్తారా? మొదటి ప్రశ్నకి "అన్‌లిమిటెడ్ సార్" అన్నాడు. రెండో దానికి "సీక్రెట్ టెక్నాలజీ సార్". మూడో దానికి ముందు అడ్వాన్స్ కట్టమన్నాడు. మావయ్య ఫోన్ పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు.

పక్క ఊర్లో ఒకాయన అప్పటికే కట్టేశాడు. ఆయన చేత 1930కి ఫోన్ చేయించి సైబర్ కంప్లయింట్ పెట్టించాం. డబ్బు ఇంకా రాలేదు. మీకు తెలిసిన వాళ్లెవరైనా ఇలా కట్టి ఉంటే ఆలస్యం చేయకండి. 1930కి ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

రాత్రి అన్నం తిన్నాక మావయ్య మళ్లీ అడిగాడు. "అయితే మరి ఆగని కరెంటు ఎప్పుడొస్తాదిరా?" అని. ఆ ప్రశ్నకి నవ్వు రాలేదు నాకు. ఎప్పటికీ ఆగనిది ఏదీ రాదు మావయ్యా, రెండు రోజులు ఆగకుండా ఉండేది ఇప్పుడే ఉంది అన్నాను. డాబా మీద రెండు సోలార్ ప్యానెళ్లు, ఒక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఫ్యాను, లైట్లు, ఫోన్లు. తుఫాను వస్తోందని తెలియగానే ప్యానెళ్లు దించి లోపల పెట్టుకునేలా బిగించాలి, ఎందుకంటే మన గాలి సంగతి మనకి తెలుసు. ఒక జాగ్రత్త కూడా చెప్పాను. బ్యాటరీ లేకుండా కేవలం గ్రిడ్‌కి కలిపే సోలార్ పెట్టుకుంటే, లైన్ కరెంటు పోయినప్పుడు అది కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని అలా తయారు చేస్తారు. చాలామంది ఇది తెలియకే పెట్టించుకుంటున్నారు.

కొటేషన్ తీసుకున్నాం. రెండు లక్షలు అవ్వదు. హాస్పిటల్ డబ్బు ముట్టుకోలేదు. ఇంకా కొనలేదు, జీడి గింజల రేటు చూసి కొంటానన్నాడు. అది ఆయన లెక్క.

రేపు పొద్దున్న నేను హైదరాబాద్ బయల్దేరుతున్నాను. వచ్చేటప్పుడు మావయ్య ఒక సంచి ఇచ్చాడు. జీడిపప్పు అనుకున్నాను. సగం జీడిపప్పే. మిగతా సగం కొబ్బరి చిప్పలు. "గ్రాములో 37 సెంట్లన్నావు గదా, అమ్మి చూడు" అన్నాడు.

ఇదండీ ఈ వారం సంగతి. ఎవరైనా మీ ఇంటికి వచ్చి వజ్రం అన్నా, క్వాంటం అన్నా, ఇంకేమన్నా, ఆ మూడు ప్రశ్నలు గుర్తు పెట్టుకోండి. ఎన్ని యూనిట్లు, ఎంత బరువు, నా ఇంట్లో నడిపి చూపిస్తావా. ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో మావయ్యలకి, చిన్నాన్నలకి వినిపించండి. నవ్వకుండా వినిపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.